ఎక్కని కొండకు సాక్ష్యం

చాండ్లర్, అరిజోనా
30 మే 1985

అక్కా,

ఈ మధ్య నీ తమ్ముడు బియ్యం మోస్తున్నాడు. నవ్వకు. ఇరవై పౌన్ల బాస్మతి సంచి బ్యాక్‌ప్యాక్‌లో వేసుకుని రోజూ పొద్దున్నే రేణు చదివే హైస్కూల్ స్టేడియం మెట్లు నలభైసార్లు ఎక్కి దిగుతున్నాను. నా కూతురు స్టాప్‌వాచ్ పట్టుకుని కింద నిలబడి "కమాన్ డాడీ, యూ ఆర్ సో స్లో" అని అరుస్తుంది. పదహారేళ్ళు వచ్చాయి, స్కూలు పరుగుల టీములో ఉంది, దానికి లోకమంతా నిదానంగానే కనిపిస్తుంది. ఆ బియ్యం మాత్రం వండనని నీ మరదలు లూసీ తేల్చి చెప్పింది.

ఆగస్టులో పెరూ వెళ్తున్నాం. నేను, మా ఆఫీసు శ్రీధర్, ఇంకో ఇద్దరు. అక్కడ ఇన్కా అనే పాత జాతి రాజులు కొండల మీద వేయించిన రాతి దారి ఉంది. నాలుగు రోజుల నడక. మధ్యలో ఒక కనుమ దాదాపు పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. లైబ్రరీలో ఎవరో ప్రొఫెసర్ స్లయిడ్లు చూపించినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. సున్నం లేదు, సిమెంటు లేదు, బండి చక్రం కూడా లేని మనుషులు వేశారు. ఐదు వందల ఏళ్ళుగా ఆ మెట్లు కదలలేదు, నీళ్ళు పోయే కాలవలు పూడలేదు. కౌంటీ రోడ్ల ఆఫీసులో నాకు పదమూడేళ్ళు నిండాయి. నేను దగ్గరుండి వేయించిన రోడ్డు ఒక్కటీ ఐదు ఎండాకాలాలు నిలవలేదు. నాన్న ఓవర్సీరుగా ఉన్నప్పుడు ప్రతి వానాకాలం తర్వాత నరసాపురం రోడ్డు గుంటలు చూసి భోజనం మానేసేవారు, గుర్తుందా? చెడిపోని రోడ్డు మీద ఒక్కసారి నడవాలని ఉంది.

ఇక నర్సు అక్కని అడగాల్సిన మాట. మెమోరియల్ డే సెలవులకి నేనూ శ్రీధర్ ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర కొండ ఎక్కి, పదకొండు వేల అడుగుల దగ్గర టెంట్లు వేసుకుని రెండు రోజులున్నాం. మూడో రోజు తెల్లవారేసరికి దగ్గు. పడుకుంటే ఊపిరాడలేదు. ఛాతీలో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. కిందికి దిగిన మూడు గంటల్లో అంతా మాయం. జలుబే అనుకుంటాను. ఫోన్ చేసేవాణ్ణే, కానీ నేను నీతో మాట్లాడితే లూసీ వంటింట్లో రెండో ఫోను ఎత్తుతుంది. తనకి చెప్పకు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ దేవ

బాతెల్, వాషింగ్టన్
5 జూన్ 1985

బియ్యం మోసే తమ్ముడికి,

"జలుబే అనుకుంటాను" అని రాశావు. అనుకోవడానికి నువ్వెవరు? ఇరవై రెండేళ్ళుగా తెల్ల బూట్లేసుకుని వార్డుల్లో తిరుగుతున్నది నేను. తిన్నగా జవాబులు రాయి. దగ్గితే వచ్చిన కఫం ఏ రంగు? కూర్చున్నా ఆయాసం ఉందా, నడిస్తేనేనా? పెదవులు నీలంగా అయ్యాయని శ్రీధర్ ఏమైనా అన్నాడా? ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఆ తర్వాతే స్టేడియం.

ఇక్కడ వారంగా ఒకటే వాన. మీ బావ గరాజ్‌లో ట్యూబ్‌లైట్ కింద గోంగూర పెంచుతున్నారు. నాలుగాకులు వచ్చాయి. వాటిని చూడ్డానికి మా తెలుగు ప్రార్థన కూటం వాళ్ళంతా వచ్చి వెళ్ళారు.

లూసీకి చెప్పను. మాట ఇచ్చాను.

అక్క

చాండ్లర్
11 జూన్ 1985

అక్కా,

నీ పరీక్ష పేపరుకి జవాబులు. కఫం కొంచెం గులాబీ రంగులో ఉన్నట్టుంది, కానీ ముందురోజు బీట్‌రూట్ తిన్నాను. ఆయాసం కూర్చున్నా ఉంది. శ్రీధర్ నా పెదవుల వంక చూసే రకం కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే అద్దంలా ఉందన్నాడు. ఇక సంతోషించు. ఇక్కడ నూట పది డిగ్రీలు, నా తారు రోడ్లు చెప్పులకి అంటుకుంటున్నాయి.

దేవ

బాతెల్
16 జూన్ 1985

దేవా,

నువ్వు వెళ్ళకూడదు.

బీట్‌రూట్ పొట్టలోకి పోతుంది గానీ ఊపిరితిత్తుల్లోకి పోదు. అది జలుబు కాదు. ఎత్తుకి వెళ్తే కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. నీళ్ళలో మునిగినట్టే, కాకపోతే ఆ నీళ్ళు లోపలి నుంచి వస్తాయి. రెండేళ్ళ కిందట ఇక్కడి కొండ మీద నుంచి ఒక కుర్రాణ్ణి మా ఆసుపత్రికి తెచ్చారు. స్నేహితులు సమయానికి దించారు కాబట్టి బతికాడు. ఒకసారి వచ్చినవాడికి మళ్ళీ రావడమే ఎక్కువ. చాండ్లర్‌లో తీసిన ఎక్స్‌రేలో ఇవేవీ కనబడవు, అక్కడ నీ ఊపిరితిత్తులకి పనేముంది?

నాకు భయంగా ఉంది. భయమేసినప్పుడు నేనేం చేస్తానో నీకు తెలుసు. శుక్రవారం ఉపవాస కూటంలో నీ సంగతి ప్రార్థనలో పెట్టాను. పేరు చెప్పలేదు. "అరిజోనాలో ఉన్న మా తమ్ముడికి ఊపిరితిత్తుల ఇబ్బంది" అన్నాను, అంతే.

అక్క

చాండ్లర్
24 జూన్ 1985

విమలకుమారి గారికి,

పేరు చెప్పలేదట! నీకు ఎంతమంది తమ్ముళ్ళు అక్కా? అరిజోనాలో ఎంతమంది?

మీ కూటంలో సుమతిగారికి ఫీనిక్స్‌లో ఉన్న విద్య సొంత చెల్లెలు. విద్య ఆదివారం మా చర్చిలో లూసీని పట్టుకుని "లూసీ, నువ్వు ఒక్కదానివే ఎలా మోస్తున్నావమ్మా, మేమంతా దేవన్నయ్య కోసం మూడు పూటలు ఉపవాసం ఉంటున్నాం" అని ఏడ్చింది. ఆ సంగతి బాతెల్ నుంచి ఫీనిక్స్ వచ్చేలోపు ముందు టీబీ అయింది, ఆ తర్వాత క్యాన్సర్ అయింది. లూసీ నా చొక్కా జేబులు, కారు అరలు అన్నీ వెతికింది. ఎక్స్‌రే బిల్లు దొరికింది. పాస్టరుగారు నుదుట రాసి ప్రార్థన చేయడానికి నూనె సీసా తీసుకుని ఇంటికొచ్చారు. రేణు గదిలో తలుపేసుకుని కూర్చుంది, నేను చచ్చిపోతున్నాననుకుంది.

లూసీకి ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చింది. జలుబు అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. పెరూ మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతోంది. ఇకమీదట నీకు మంచి వార్తలు మాత్రమే రాస్తాను. చెడ్డవి నీ కూటం వాళ్ళు నాకంటే ముందే కనిపెడతారు.

దేవకుమార్

బాతెల్
28 జూన్ 1985

దేవా,

తప్పు చేశాను. సుమతి మనిషి మంచిదే, నోరే ఆగదు. నాకు ఆ సంగతి తెలుసు, తెలిసీ ఆమె ముందే చెప్పాను. లూసీకి ఫోన్ చేస్తే "అలాగే వదినా" అని పెట్టేసింది.

కానీ నేను చెప్పిన జబ్బు మాత్రం తప్పు కాదు. నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ. మళ్ళీ ఒకసారి అంత ఎత్తుకి వెళ్ళి, మూడు రోజులు అక్కడే ఉండి చూసుకో. దగ్గు వస్తే పెరూ మానేస్తానని మాట ఇవ్వు. రాకపోతే నేను నోరు మూసుకుంటాను.

అక్క

చాండ్లర్
8 జూలై 1985

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. జూలై నాలుగు సెలవులకి ఒక్కడినే వెళ్ళాను, శ్రీధర్‌కి డ్యూటీ పడింది. మూడు రోజులు పదకొండు వేల పైన ఉన్నాను, ఆఖరి రోజు శిఖరం దాకా వెళ్ళాను. ఒక్క దగ్గు లేదు. గాలి బాగుంది. ఇక నోరు మూసుకో.

దేవ

బాతెల్
13 జూలై 1985

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం వార్డులో నిలబడే చదివి ఏడ్చాను. పక్కనున్న నర్సు ఎవరు పోయారని అడిగింది. పోలేదమ్మా, తిరిగొచ్చాడు అన్నాను.

నిన్న కూటంలో లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పాను. ఈసారి పేరు పెట్టి మరీ చెప్పాను. "మా దేవకుమార్‌ని దేవుడు పన్నెండు వేల అడుగులు ఎక్కించి, ఒక్క దగ్గు లేకుండా దించాడు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సుమతి అప్పుడే ఫోన్ దగ్గరికి వెళ్ళింది, నేను ఆపలేదు. ఈ వార్త ఎంత దూరం పోతే అంత మంచిది. ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు పంపిస్తున్నాను. తడి మేజోళ్ళతో పడుకోకు.

సంతోషంతో,
అక్క

చాండ్లర్
20 జూలై 1985

అక్కా,

నీ సాక్ష్యం మాకు చేరింది. విద్య ఫోన్ చేసి చెప్పగానే లూసీ అక్కడే మోకరించింది. నెల రోజుల తర్వాత నా పక్కన కూర్చుని అన్నం తింది. పాస్టరుగారి కుటుంబాన్ని పిలిచి భోజనం పెట్టింది. అంతా బాగానే ఉంది.

ఆ సంతోషంలో ఇంకో పని చేసింది. మాతో రావాల్సిన వాళ్ళలో ఒకతనికి కాలు బెణికింది, చోటు ఖాళీ. రేణు వస్తానని రెండు నెలలుగా గొడవ చేస్తోంది. ఇన్నాళ్ళూ వద్దన్న లూసీ, "దేవుడు స్వస్థపరిచిన మనిషి పక్కన ఉండగా నాకు భయం దేనికి, తీసుకెళ్ళండి" అంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో అడిగితే చెప్పలేకపోయాను. రేణు ఇప్పుడు ఇంకో బియ్యం సంచి మోస్తోంది.

ఒక సంగతి ఊరికే అడుగుతున్నాను. ఈ నీరు ఊరే గుణం తండ్రి నుంచి పిల్లలకి వస్తుందా?

దేవ

బాతెల్
25 జూలై 1985

దేవా,

నయమైనవాడికి ఈ ప్రశ్న ఎందుకు? కొన్ని కుటుంబాల్లో ఉంటుందని మా డాక్టర్లలో ఒకాయన అంటాడు, రుజువు లేదని ఇంకొకాయన అంటాడు. నీకే లేనప్పుడు దానికెక్కడి నుంచి వస్తుంది? ఊరికే బుర్ర పాడుచేసుకోకు. రేణుని రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగించు.

మీరు బయల్దేరగానే లూసీని ఇక్కడికి పంపించు. ఒక్కతే ఉంటే గోడలు చూస్తూ కూర్చుంటుంది. పది రోజులు ఉండి వెళ్తుంది.

అక్క

కుస్కో, పెరూ
4 ఆగస్టు 1985, ఆదివారం

అక్కా,

ఇది నీ ఒక్కదానికే. ఇక్కడి నుంచి ఉత్తరం చేరడానికి మూడు వారాలు పడుతుందని హోటల్ వాళ్ళు చెప్పారు. అప్పటికి లూసీ చాండ్లర్ వెళ్ళిపోయి ఉంటుంది, అందుకే రాయగలుగుతున్నాను.

జూలైలో నేను కొండ ఎక్కలేదు.

ఎక్కుదామనే వెళ్ళాను. దారి మొదట్లో స్కీ వాళ్ళ హోటల్ ఉంటుంది, అక్కడ కారు ఆపాను. బ్యాక్‌ప్యాక్ భుజాన వేసుకున్నాను కూడా. దగ్గు వస్తే మానేయాలి కదా. వస్తుందని నాకు తెలుసు. మానేయడం నావల్ల కాదు. మూడు రోజులు ఆ హోటల్ అరుగు మీద కూర్చుని కాఫీ తాగి ఇంటికొచ్చాను. నీకు నాలుగు లైన్లు రాస్తే నువ్వు ఊరుకుంటావనుకున్నాను. నువ్వు దాన్ని కూటంలో నిలబెట్టి సాక్ష్యం చేస్తావని అనుకోలేదు. చప్పట్లు కొట్టాక ఎలా కాదనను? లూసీ మోకరించాక ఎలా చెప్పను? అప్పటికీ రేణుని వద్దన్నాను అక్కా. గట్టిగా అనలేకపోయాను.

నిన్న దిగాం. ఈ ఊరే పదకొండు వేల అడుగులు. నాకు తలనొప్పి తప్ప ఏమీ లేదు. పొద్దుటి నుంచి రేణు దగ్గుతోంది. దుమ్మట. శ్రీధర్ కూడా దుమ్మే అంటున్నాడు. ఇందాక ఫోన్ ఆఫీసుకి వెళ్ళి గంటన్నర లైన్లో నిలబడి నీకు కాల్ బుక్ చేశాను. లూసీ ఎత్తింది. "బాగున్నారా, రేణు ఏం చేస్తోంది" అంది. బాగున్నాం అని పెట్టేశాను.

మంగళవారం రైలెక్కి ఒక వంతెన దగ్గర దిగి నడక మొదలుపెడతాం. ఆ చోటు ఇక్కడికంటే కింద, కాబట్టి దగ్గు తగ్గుతుందని శ్రీధర్ అంటున్నాడు. తగ్గుతుందేమో. నువ్వు ఇది చదివేసరికి ఏదైనా జరిగిపోయి ఉంటుంది. ఎవరికో ఒకరికి చెప్పాలి.

దేవ

బాతెల్
13 ఆగస్టు 1985

దేవా,

ఈ ఉత్తరం లూసీ చేతికిచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. ఆమె చదివే తెస్తుంది.

శుక్రవారం శ్రీధర్ ఫోన్ చేశాడు. రేణుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, రెండో మకాం నుంచి నువ్వు వీపు మీద మోసుకుని దించావని, ఆక్సిజన్ పెట్టి విమానంలో లిమాకి తీసుకొచ్చారని, ఇంకా కళ్ళు తెరవలేదని చెప్పాడు. లూసీ నేల మీద కూలబడింది. అయినా ఆమె మొదటి మాట నీ గురించే. "పాపం ఆయన, ఒక్కరే ఎలా తట్టుకుంటున్నారో" అంది. విద్య ఆ సాయంత్రమే మీ ఇంటి తాళం తీయించి, బీరువాలో లూసీ పాస్‌పోర్టు వెతికి, ఎయిర్‌పోర్టులో పార్సిల్ చేసింది. శని, ఆదివారాలు వీసా ఆఫీసు తెరవలేదు, వీసా చేతికొచ్చేసరికి ఇవాళైంది. ఆ రెండు రోజులూ లూసీ ఏమీ తినలేదు. ఇంటి నిండా మనుషులు, ప్రార్థనలు.

సోమవారం నేను డ్యూటీకి వెళ్ళక తప్పలేదు. పోస్టు వచ్చింది. నీ ఉత్తరాన్ని ఎవరో మంచి మనిషి మూడు వారాలు ఎందుకని తనతో తీసుకెళ్ళి మయామిలో వేశాడు, కవరు మీద ఆ ఊరి ముద్ర ఉంది. భర్త చేతిరాత చూసి, పెరూ హోటల్ పేరు చూసి, ఏ భార్య తెరవకుండా ఉంటుంది? మన ఇళ్ళలో ఒకరి ఉత్తరం ఒకరు తెరవడం కొత్త కూడా కాదు.

నాలుగింటికి నేను వచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడి ఇల్లంతా పొగ. లూసీ బల్ల దగ్గర కూర్చుని ఉంది. "వదినా, మీకు ముందే తెలుసా?" అంది. మేలో వచ్చింది తెలుసు, జూలై సంగతి తెలియదు అన్నాను. "మేలోది తెలిసి నాకెందుకు చెప్పలేదు? ఊరందరికీ చెప్పారు కదా" అంది. నేను పొగ పోవడానికి కిటికీలు తీశాను. తర్వాత నెమ్మదిగా అంది, "ఆయన మాట మీద నేను పిల్లని పంపలేదు వదినా. మీ సాక్ష్యం మీద పంపాను."

నువ్వు అబద్ధం రాశావు. నేను నర్సుని, నాలుగు లైన్లు చదివి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నమ్మాను. నాకు ఆ జవాబే కావాలి కాబట్టి నమ్మాను. ఆ తర్వాత పిల్లలకి వస్తుందా అని అడిగావు, అప్పుడైనా నాకు తట్టాలి. బుర్ర పాడుచేసుకోకని రాశాను. ఆ వాక్యం నేను చచ్చేదాకా మర్చిపోను. ఈ శుక్రవారం కూటంలో లేచి, నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదని చెప్తాను. ఎవరేమనుకున్నా సరే.

ఒక్కటే అడుగుతున్నాను. పిల్ల కళ్ళు తెరిస్తే, తెరవాలి, దానికి నువ్వే చెప్పు. లూసీ నోటి నుంచి వినకూడదు.

విమల

లిమా
21 ఆగస్టు 1985

అక్కా,

రేణు బతికింది. పదిహేనో తేదీన కళ్ళు తెరిచింది. నిన్న నర్సు చెయ్యి పట్టుకుని కిటికీ దాకా నడిచింది. లిమా సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి గాలికి కొదవ లేదు, ఇంకో వారంలో ప్రయాణం చేయవచ్చని డాక్టరు అన్నాడు.

ఆ ఎనిమిదో తేదీ పొద్దున జరిగింది నీకు చెప్పాలి. కనుమకి ఇంకా రెండు గంటల నడక ఉంది. నేను టీ పట్టుకుని దాని టెంట్ దగ్గరికి వెళ్ళాను. బయటికే చప్పుడు వినబడింది. మేలో నా ఛాతీలో విన్న చప్పుడే. శ్రీధర్ వచ్చి చూసి జలుబే అన్నాడు, ఎండ వచ్చేదాకా పడుకోనిద్దాం అన్నాడు. నేను దాన్ని దుప్పటితో వీపుకి కట్టుకుని దిగడం మొదలుపెట్టాను. కూలీలు మార్చుకుంటామన్నా చాలాసేపు ఇవ్వలేదు. ఐదు వందల ఏళ్ళ రాళ్ళ మీదే కాళ్ళు పెట్టి దిగాను. ఒక్క రాయి కూడా చూడలేదు. దాని ఊపిరి నా చెవి పక్కన వినబడుతుంటే చాలు అనుకున్నాను.

లూసీ వచ్చి నీ ఉత్తరం నా చేతికిచ్చింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. డాక్టర్లు, నర్సులు మాత్రం నన్ను చూసినప్పుడల్లా భుజం తడుతున్నారు. ఒక గంట ఆలస్యమైతే దక్కేది కాదట, తండ్రి తెలివి వల్ల బతికిందట. లూసీ అవన్నీ వింటూ మంచం పక్కన కూర్చుని ఉండేది.

ఇవాళ పొద్దున రేణు అడిగింది. "డాడీ, శ్రీధర్ అంకుల్ కోల్డ్ అన్నాడు. నువ్వు ఒక్కడివే నో అన్నావు. హౌ డిడ్ యూ నో?"

నేను లూసీ వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు, దుప్పటి అంచు సర్దుతోంది. నువ్వు రాసినట్టే చేశాను అక్కా. మే నెల సంగతి, హోటల్ అరుగు సంగతి, కుస్కోలో దాని దగ్గు విన్న సంగతి, అన్నీ చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోకూడదని. అది చివరిదాకా విని "అండ్ నాకు కూడా రావచ్చు అని, యూ న్యూ?" అంది. అనుమానం ఉండేది అన్నాను.

అది ఏడవలేదు, అరవలేదు. మందు వేసుకునే టైమైంది. నేను గ్లాసులో నీళ్ళు పోసి పట్టుకుని నిలబడ్డాను.

"మమ్మీ, వాటర్" అంది.

లూసీ లేచి నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

దేవ